పుట్టినచోటు విడిచిన పందెము

మన అనకాపల్లి నుండి విశాఖపట్టణమునకు క్రికెట్టు చూడబోయిన పెద్దలలో పలువురు నేటికిని ఇందిరా ప్రియదర్శిని మునిసిపల్ స్టేడియమునే తలచుకొనుచుందురు. 1988 వ సంవత్సరము డిసెంబరు నెలలో భారతదేశపు జట్టునకును న్యూజిలాండు జట్టునకును అచ్చట పోటీ జరిగెను. 1996 వ సంవత్సరపు ప్రపంచకప్పు పోటీలలో ఆస్ట్రేలియా కెన్యాల ఆట అచ్చటనే జరిగెను. 2001 వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఆస్ట్రేలియాతో జరిగినదే ఆ స్టేడియములో కడపటి అంతర్జాతీయక్రీడ. పిమ్మట ఆట మధురవాడకు తరలిపోయెను. 2005 వ సంవత్సరము ఏప్రిలు 5 వ తేదీన పాకిస్తానుపై మహేంద్రసింగ్ ధోనీ 148 పరుగులు తీసి పేరొందినది ఆ క్రొత్త స్టేడియముననే. క్రొత్తది విశాలమైనది; కొండల చెంత చూడ ముచ్చటగా నున్నది. దీనిలో తప్పు పట్టుట కేమియు లేదు. ఐనను మొన్న మా తరగతిలో నొక బాలుడు లేచి, “మాస్టరుగారూ, పాత స్టేడియము చేసిన తప్పేమి?” అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి గాని, ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు.

ఒక ఆటపందెము తాను పుట్టి పెరిగిన చోటు నేల విడుచును? దీనికి సమాధానము మన క్రికెట్టులో కంటె గోల్ఫు అను ఆట చరిత్రములో స్పష్టముగా కనబడును. ఏలన, ఆ ఆటలో అన్నింటికంటె ప్రాచీనమైన పందెము 1860 వ సంవత్సరమున ఆరంభమై, తన జన్మస్థానమును కొంచెము కొంచెముగా విడిచి, 1925 తరువాత మఱల నచ్చటికి పోలేదు. ఆ కథను పిల్లలకు తెలియునట్లు ఇచ్చట వివరించెదము.

ముందుగా ఆట సంగతి. గోల్ఫు మనలో పలువురు చూచి యుండరు. చూడగోరువారు విశాఖపట్టణమున ముడసర్లోవ జలాశయము చెంత నున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బునకు పోయి చూడవచ్చును. ఆట స్వరూపము మిక్కిలి సులభము. ఆడుట మాత్రము కష్టము. విశాలమైన పచ్చికబయలులో దూరదూరముగా చిన్న గుంత లుండును. ఒక్కొక్క గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళములు మాత్రమే. చిన్న గట్టిబంతిని కఱ్ఱతో కొట్టుచు పోయి, వందలకొలది గజముల దూరమున నున్న ఆ గుంతలో పడవేయవలెను. ఎన్ని దెబ్బలకు పడినదో లెక్కింతురు. నేడు సాధారణముగా పదునెనిమిది గుంతలు ముగించినచో ఒక చుట్టు. అన్నియు ముగిసిన పిమ్మట ఎవరి దెబ్బల మొత్తము తక్కువయో వారిదే గెలుపు. మన పిల్లల బిళ్ళంగోడులో దూరముగా కొట్టినవాడు మెప్పు పొందును. ఇందు తక్కువ పర్యాయములు కొట్టినవాడు మెప్పు పొందును. నడుమ ఇసుకగోతులు, వాగులు, దిబ్బలు అడ్డము వచ్చుచుండును. వానిలో బంతి పడినచో ఎంతటి ఆటగాడైనను చెమటలు క్రక్కవలసినదే.

ఈ ఆటలో ఒక విశేషము చూచువారిని గూర్చినది. క్రికెట్టు చూచువాడు ఒకచోట కూర్చుండి చూచును. గోల్ఫు చూచువాడు ఆటగాని వెంట నడచును. ఆటగాడు మైళ్ళకొలది నడచును గనుక, చూపరులును అతని వెనుక గుంపుగా నడువవలసినదే. ఈ మాట పిల్లలు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు కథకు ఇదియే కీలకము.

స్కాట్లండు దేశపు పడమటి తీరమున అయిర్ షైరు అను మండలములో ప్రెస్ట్విక్ అను చిన్న పట్టణము కలదు. మన పూడిమడక వంటి తీరమున సముద్రమునకును పొలములకును నడుమ నుండు ఇసుకనేలను తలచుకొనుడు. అది దున్నుటకు పనికిరాదు. ఇల్లు కట్టుటకు ఇష్టపడరు. అట్టి నేలపై చలిదేశపు సన్నని గడ్డి మొలచి, గొఱ్ఱెలు మేసి మేసి తివాచీ పఱచినట్లు చేసినచో ఎట్లుండునో, అదియే గోల్ఫునకు తొలి క్రీడాస్థలము. 1851 వ సంవత్సరమున అచ్చట నొక క్లబ్బు వెలసెను. దాని సభ్యులు తూర్పుతీరమందలి సెయింట్ ఆండ్రూస్ పట్టణము నుండి టామ్ మారిస్ అను నేర్పరిని పిలిపించి, క్రీడాస్థలమును చూచుకొను పనిలో నియమించిరి. స్థలము చాలనందున అతడు పండ్రెండు గుంతలు మాత్రమే యేర్పఱచెను. గుంత కనబడకుండ అడ్డముగా నిలిచిన ఒక ఇసుకకొండకు వారు ‘హిమాలయము’ అనియు, మఱియొక దానికి ‘ఆల్ప్సు’ అనియు పేరులు పెట్టుకొనిరి. ఇసుకదిబ్బను హిమాలయమన్న వారికి హాస్యప్రియత్వము కొఱత లేదు.

ఆ కాలమున ఆటలో మేటియని యెల్లరు నొప్పుకొనిన అల్లన్ రాబర్ట్‌సన్ అను నతడు 1859 వ సంవత్సరమున చనిపోయెను. ఇక మేటి యెవరు? దీనిని తేల్చుటకై ప్రెస్ట్విక్ క్లబ్బువారు 1860 వ సంవత్సరము అక్టోబరు 17 వ తేదీన పందెము నేర్పఱచిరి. ఎనమండుగురు మాత్రమే పాల్గొనిరి. వీరు ధనికులు కారు. ధనికుల కఱ్ఱలు మోయువారును, కఱ్ఱలును బంతులును చేసి యమ్ముకొను పనివారును. ఒక్క దినముననే పండ్రెండు గుంతల చుట్టును మూడు పర్యాయములు తిరిగిరి. మసల్‌బరో అను ఊరివాడగు విల్లీ పార్క్ 174 దెబ్బలలో ముగించి గెలిచెను. రెండు దెబ్బల తేడాతో టామ్ మారిస్ రెండవవాడయ్యెను. గెలిచిన వానికి ధనము లేదు. 25 పౌనుల ఖరీదు గల ఎఱ్ఱని తోలుపటకా, దానికి వెండి బిళ్ళలు. దానిని సంవత్సరము పాటు ఉంచుకొని తిరిగి యీయవలెను. వరుసగా మూడేండ్లు గెలిచినవానికి మాత్రము అది సొంతమగును. మఱుసటి యేడు ఈ పందెమును ఎల్లవారికిని తెఱచిరి. ‘ఓపెన్’ అను పేరు అందువలన నిలిచినది.

ఇట్లు పదునొకండేండ్లు ఏటేట ప్రెస్ట్విక్కుననే పందెము జరిగెను. చూడవచ్చువారు కొలదిమంది. పందెమనిన ప్రెస్ట్విక్, ప్రెస్ట్విక్ అనిన పందెము. ఇంతలో టామ్ మారిస్ కుమారుడు బయలుదేరెను. ఇతని పేరును టామ్ మారిస్సే కాన, తండ్రిని ముసలి టామ్ అనియు కొడుకును చిన్న టామ్ అనియు పిలిచిరి. చిన్న టామ్ 1868 వ సంవత్సరమున గెలిచినప్పు డతని వయస్సు పదునేడేండ్లు; అంతటి పిన్నవయస్సున ఆ పందెమును గెలిచినవారు నేటివఱకును లేరు. 1869 లోను గెలిచెను. 1870 లో మొదటి గుంతయే 578 గజముల దూరము. దానిని మూడే దెబ్బలలో ముగించెను! ఆనాటి కఱ్ఱలతోను, మలయాదేశపు చెట్టుజిగురుతో చేసిన బంతితోను ఇట్టి పని చేయుట యెంతటి యద్భుతమో ఆడువారికే తెలియును. రెండవవానికంటె పండ్రెండు దెబ్బలు తక్కువతో గెలిచి, నియమము ప్రకారము పటకాను ఇంటికి తీసికొనిపోయెను.

ఇచ్చటనే కథ మలుపు తిరిగెను. పటకా పోయినది, పందెమునకు బహుమానము లేదు. క్రొత్తది చేయించుటకు ప్రెస్ట్విక్ వారికి శక్తి లేకపోలేదు గాని, ఇంత పేరు వచ్చిన పందెమును ఒక్క క్లబ్బే మోయవలెనా, ఇతరులను కూడ చేర్చుకొనవలెనా యను చర్చ పుట్టెను. 1871 వ సంవత్సరమున పందెమే జరుగలేదు. తుదకు ప్రెస్ట్విక్, సెయింట్ ఆండ్రూస్, ఎడింబరో గోల్ఫరుల గౌరవసంఘము అను మూడు సంస్థలును తలకు 10 పౌనులు వేసికొని వెండికూజా నొకటి చేయించుటకును, పందెమును వంతులవారీగా మూడుచోట్ల జరుపుటకును ఒప్పుకొనిరి. 1872 లో ప్రెస్ట్విక్కున మఱల చిన్న టామే గెలిచెను. కూజా అప్పటికి తయారుకానందున పతకము మాత్రమే యిచ్చిరి. 1873 వ సంవత్సరమున పందెము మొదటిసారి ఇల్లు కదలి సెయింట్ ఆండ్రూస్‌నకు పోయెను. నాలుగు పందెములు వరుసగా గెలిచిన చిన్న టామ్, భార్యయు శిశువును గతించిన కొలది నెలలకే, 1875 వ సంవత్సరము క్రిస్మసు దినమున ఇరువదినాలుగేండ్ల ప్రాయమున కన్నుమూసెను.

ఈ మొదటి యెడబాటులో ఎవ్వరును ఎవ్వరికిని అన్యాయము చేయలేదు. ఇంటివారే తలుపు తెఱచి, మా బిడ్డను మీరును పెంచుడని యిరుగుపొరుగు వారిని పిలిచిరి. అట్లు పిలువకున్నచో ఆ పందెము ఒక యూరి వేడుకగానే నిలిచిపోయి యుండును. ఈ త్యాగమునకు ప్రెస్ట్విక్ వారిని మెచ్చుకొనక తప్పదు.

మసల్‌బరో కథ యిట్టిది కాదు. అది ఎడింబరో చెంతనున్న బెస్తల పట్టణము. తొలి విజేత విల్లీ పార్క్, అతని తమ్ముడు మంగో, కుమారుడు విల్లీ, 1880 మొదలు మూడేండ్లు వరుసగా గెలిచిన బాబ్ ఫెర్గూసన్ మున్నగువారందఱును ఆ యూరివారే. కఱ్ఱలు చేయువారు, బంతులు చేయువారు, మోయువారు, వీరి కుటుంబములు ఆటపైననే బ్రతుకుచుండెను. 1874 నుండి వంతు వచ్చినపుడెల్ల, మొత్తము ఆఱు పర్యాయములు, పందెము అచ్చట జరిగెను. ఐతే ఆ క్రీడాస్థలము బహిరంగమైనది, తొమ్మిదే గుంతలు, గుఱ్ఱపుపందెముల బాట నడుమ నిఱుకుకొని యుండెను. 1889 వ సంవత్సరపు ఆట సాయంసంధ్య చీకట్లలో ముగియవలసి వచ్చెను. ఆ చోటున ఆడుచుండిన గౌరవసంఘమువారు విసిగి, 1891 లో మ్యూర్‌ఫీల్డ్ అను చోట తమకొఱకే క్రొత్త స్థలమును చేయించుకొని వెడలిపోయిరి. పోవుచు పందెపు వంతును కూడ మూటగట్టుకొని పోయిరి! 1892 లో ఓపెన్ పందెము మ్యూర్‌ఫీల్డున జరిగెను. మసల్‌బరో వారికి రోషము వచ్చి అదే యేట తమ యూర వేఱొక పందెమును జరిపిరి. ఓపెన్ మాత్రము మఱల వారి గడప త్రొక్కలేదు.

పందెము ఎవరి సొత్తు? జరుపు సంఘముదా, ఆడు వారిదా, ఆ ఊరిదా? కాగితముపై చూచినచో సంఘమువారిదే. కాని అయిదుగురు విజేతలను కన్న యూరికి అందు పాలు లేదనుట మాకు న్యాయముగా తోచదు. మ్యూర్‌ఫీల్డు మంచి స్థలమే. ఆటకు మేలే జరిగినది. ఐనను మసల్‌బరోలో కఱ్ఱలు చెక్కి జీవించు వానికి ఆ మేలు అందలేదు. మన యూరి బెల్లపు మార్కెట్టు వేఱొక చోటికి పోయినచో వర్తకులు బండ్లు తోలుకొని పోగలరు. బస్తాలు మోయు కళాసీ ఏమి చేయును? దీని నాలోచింపుడు.

మఱల ప్రెస్ట్విక్కునకు వత్తము. వంతులవారీ పద్ధతిలో 1875 మొదలు 1925 వఱకు ఇంకను పండ్రెండు పర్యాయములు పందెము అచ్చటికి వచ్చెను. పాతవానితో కలిసి ఇరువదినాలుగు. 2025 నాటికిని ఈ లెక్కలో సెయింట్ ఆండ్రూస్ ఒక్కటియే దానిని మించినది. క్రీడాస్థలము 1882 లో పండ్రెండు గుంతల నుండి పదునెనిమిదికి పెరిగెను. కాని దానికి ఒక వైపు సముద్రము, ఒక వైపు రైలుమార్గము. స్టేషను క్రీడాస్థలపు అంచుననే కలదు. మొదటి గుంత పేరే ‘రైల్వే’. ఎనమండుగురు ఆడిన నాడు ఈ రైలు సౌకర్యము. వేలమంది చూడవచ్చిన నాడు అదియే ముప్పు.

1914 వ సంవత్సరముననే ఆ ముప్పు కనబడెను. హ్యారీ వార్డన్, జె. హెచ్. టేలర్ అను ఇద్దఱు మహాక్రీడాకారులు అప్పటికి చెఱి యైదు పర్యాయములు గెలిచినవారు. కడపటి దినమున ఇద్దఱును కలిసి యాడవలసి వచ్చినందున, జనమంతయు వారి వెనుకనే విరుచుకుపడెను. వార్డన్ ఆఱవసారి గెలిచెను. ఆ లెక్కను నేటికిని ఎవరును అందుకొనలేదు. తరువాత ప్రపంచసంగ్రామము. అది ముగిసిన పిమ్మట పందెముల నిర్వహణము సెయింట్ ఆండ్రూస్ క్లబ్బువారి చేతికి వచ్చెను.

1925 వ సంవత్సరము జూను మాసము. స్కాట్లండున పుట్టి అమెరికాకు వలసపోయిన మాక్‌డొనాల్డ్ స్మిత్ అను ఆటగాడు మూడు చుట్లు ముగియునప్పటికి అయిదు దెబ్బల ఆధిక్యముతో నుండెను. మనవాడు గెలువబోవుచున్నాడని వార్త ప్రాకెను. స్థలమున ప్రవేశించుటకు రుసుము లేదు, కంచె లేదు. రైళ్ళు నిండి వచ్చినవి. కొత్త అమావాస్య జాతరనాడు మన గవరపాలెపు వీధులలో జనమెట్లుండునో చూచినవారు, ఆ జనమంతయు ఒక్క మనుష్యుని చుట్టును మూగి, అతనితో కూడ ఇసుకదిబ్బ లెక్కుచు దిగుచు నుండుటను ఊహించుకొనుడు. వారెల్లరు నతని మేలు కోరినవారే. కాని బంతి కొట్టుటకు దారి తొలగువఱకు అతడు పలుమాఱులు నిలిచి వేచియుండవలసి వచ్చెను. కొట్టిన బంతి యెచ్చట పడినదో గుంపు నడుమ కనబడదు. ఆ ఆటలో చేతికంటె మనస్సు నిలుకడ ముఖ్యము, అది చెదరెను.

అప్పటికే జిమ్ బార్న్స్ అను నతడు 300 దెబ్బలలో తన ఆట ముగించుకొని కూర్చుండి యుండెను. స్మిత్ గెలుచుటకు కడపటి చుట్టులో 78 దెబ్బలు చాలును. అతనికి పట్టినవి 82. నాలుగవ స్థానమునకు దిగజాఱెను. తరువాతి కాలమున గొప్పగా ఆడియు, స్మిత్ ఆ పందెమును ఎన్నడును గెలువలేదు. స్నేహముతో వచ్చిన జనమే తమవాని నోడించిరని చెప్పినచో అతిశయోక్తి కాదు.

నిర్వాహకులు దీని నుండి రెండు నిర్ణయములు గైకొనిరి. మఱుసటి యేడు 1926 లో ఇంగ్లండునందలి లిథమ్ అను చోట పందెము జరిగినపుడు, మొట్టమొదటిసారిగా చూపరుల నుండి ప్రవేశరుసుము పుచ్చుకొనిరి. ఆ యేడు గెలిచిన బాబీ జోన్స్ తన గుర్తుబిళ్ళను మఱచివచ్చి, వాకిటివాడు పోనీయకున్న, వాదింపక చూపరుల వలె రుసుము చెల్లించి లోపలికి పోయెనని చెప్పుదురు. రెండవది, ప్రెస్ట్విక్కును వంతుల నుండి తొలగించుట. అది తీర్పుగా చాటింపబడినదని కాదు. వంతు మఱల రాలేదు, అంతియే. పక్కనే యున్న ట్రూన్ అను స్థలమునకు పందెము వచ్చుచునే యున్నది; 2024 లోను వచ్చినది. పందెము ప్రెస్ట్విక్ గుమ్మము దగ్గఱకు వచ్చును, లోపలికి రాదు.

తరువాత తరువాత కారణములు పెరిగినవి. నేటి కఱ్ఱలతోను బంతులతోను ఆటగాండ్రు మిక్కిలి దూరము కొట్టుదురు. వారికి పాత స్థలము పొట్టి. చూపరులకు మంచెలు కట్టవలెను, వేలబండ్లు నిలుపవలెను. రైలుమార్గమునకును సముద్రమునకును నడుమ నున్న నేల సాగదు గదా. ఇసుకదిబ్బలను త్రవ్వి చదును చేసినచో చోటు దొరకవచ్చును గాని, అప్పుడది ప్రెస్ట్విక్ కాకపోవును. క్లబ్బువారు అట్టి పనికి పూనుకొనకపోవుట మంచిదయ్యెను. హిమాలయము ఇప్పటికిని అచ్చటనే యున్నది. గుంత కనబడక ఆటగాండ్రు నేటికిని తడుముకొనుచున్నారు.

ఇక మా విద్యార్థి యడిగిన ప్రశ్న. పాత స్టేడియము చేసిన తప్పేమి? నాయనా, అది తప్పేమియు చేయలేదు. తన యందు జరిగిన ఆటలవలననే జనులు పెరిగిరి. పెరిగిన జనులకు అది చాలలేదు. ప్రెస్ట్విక్కునకు అట్లే జరిగినది. మసల్‌బరోకు మాత్రము వేఱు విధముగా జరిగినది, అచ్చట జనము పెరుగుట ఒక్కటే కాదు, ఆడువారు ఊరిని విడిచిపోవుట కూడ కలదు. ఈ రెంటికిని గల భేదమును గుర్తించినచో, ఇకమీద నేదైన ఆట గాని, సంత గాని, బడి గాని చోటు మాఱినదని వినినపుడు, ఏ రీతిగా మాఱినదని నీవే విచారింపగలవు.

ప్రెస్ట్విక్కున 1860 వ సంవత్సరము ఆ యెనమండుగురు మొదటి దెబ్బ కొట్టిన చోట రాళ్ళతో నొక గుఱుతు కట్టి యున్నారు. అచ్చటి నుండి నాటి మొదటి గుంతకు దూరము 578 గజములు. చూడబోయిన ఆటగాండ్రు ఆ రాళ్ళచెంత నిలిచి, దానిని మూడు దెబ్బలలో ఎట్లు ముగించెనా యని కొలుచుకొనుచుందురు.